పెట్టె ఆమెది, అందులో కాగితాలు ఎవరివి?

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

ముందు మూడు ప్రశ్నలు చదువుతాను, ఎవరికి వాళ్ళు మనసులో జవాబు చెప్పుకోండి. మీ పుట్టినరోజు ఎప్పుడు? మీ ఏరియా పిన్‌కోడ్ ఎంత? మీ ఆయన్ని, లేదా మీ ఆవిడని, మొదటిసారి ఎక్కడ కలిశారు? ఇప్పుడు ఇంకోటి ఆలోచించండి, ఈ మూడు జవాబులూ మీరు కాకుండా ఎంతమందికి తెలుసు? మీ బంధువులకి, మీ క్లాస్‌మేట్స్‌కి, మీ పక్కింటివాళ్ళకి, అందరికీ తెలుసు కదా. 2008 సెప్టెంబర్‌లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీలో ఉన్న మనిషి, అలాస్కా గవర్నర్ సారా పాలిన్ గారి యాహూ మెయిల్‌కి కాపలా ఉన్నది ఈ మూడు ప్రశ్నలే. తాళం వేసితిని గొళ్ళెం మరిచితిని అంటారు చూడండి, సరిగ్గా అదే.

రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న జాన్ మెకెయిన్ ఆమెని తన పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించింది ఆగస్టు 29న. అప్పటిదాకా అలాస్కా బయట ఆమె పేరు తెలిసినవాళ్ళు తక్కువ, ఒక్క రాత్రిలో దేశమంతా ఆమె గురించి వెతకడం మొదలెట్టింది, ఆమె పుట్టినరోజు వికీపీడియాలో ఉంది, ఆమె ఊరు వసిల్లా చిన్న ఊరు, దానికి ఉన్న జిప్ కోడ్‌లు, అంటే వాళ్ళ పిన్‌కోడ్‌లు, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, భర్త ఏమో హైస్కూల్ నాటి పరిచయం అని ప్రతి పేపర్లోనూ రాశారు. సెప్టెంబర్ 16 రాత్రి టెన్నెసీలో చదువుకుంటున్న ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒకడు ఫర్గాట్ పాస్‌వర్డ్ నొక్కాడు, పుట్టినరోజు కొట్టాడు, జిప్ కోడ్ కొట్టాడు, మూడో దానికి కొంచెం తంటాలు పడి చివరికి వసిల్లా హై అని కొట్టాడు. తలుపు తెరుచుకుంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని లోపలికెళ్ళాడు.

ఆ కుర్రాడి పేరు నేను చెప్పను. కోర్టు రికార్డుల్లో ఉంది, కావాల్సినవాళ్ళకి దొరుకుతుంది. కానీ ఆ పిల్లాడు 2018లో, ముప్పై ఏళ్ళకే, మల్టిపుల్ స్క్లెరోసిస్ ముదిరి చనిపోయాడు. ఇవాళ నేను మాట్లాడేది ప్రైవసీ గురించి కాబట్టి ఆ ఇంటివాళ్ళకి కనీసం ఈ మాత్రం గౌరవం ఇద్దామని నాకనిపించింది. వాళ్ళ నాన్నగారు అప్పట్లో ఆ రాష్ట్రంలో డెమొక్రాటిక్ పార్టీ ఎమ్మెల్యే లాంటి పదవిలో ఉన్నారు, అది మాత్రం చెప్పాలి, ఎందుకంటే కేసు అంత పెద్దది కావడానికి అదీ ఒక కారణం.

లోపల ఏం దొరికింది? వాడే ఫోర్‌చాన్ అనే ఇంటర్నెట్ చర్చా బోర్డులో రాసుకున్నాడు, మెయిళ్ళన్నీ చూశాను, ఆమె ప్రచారాన్ని దెబ్బకొట్టేది ఏమీ దొరకలేదు అని. కొండని తవ్వి ఎలుకని కూడా పట్టలేదన్నమాట. అయినా ఊరుకోలేదు, కొత్త పాస్‌వర్డ్ ఏంటో అదే బోర్డులో పెట్టేశాడు, ఇక చూసుకోండి, తెలిసినవాడూ తెలియనివాడూ అందరూ లోపలికి దూరడమే. వాళ్ళలోనే ఒకడికి ఇది తప్పు అనిపించి పాస్‌వర్డ్ మార్చేసి, పాలిన్ గారి సహాయకురాలికి మెయిల్ చేసి హెచ్చరించాడు, గుంపులో ఒక్కడికైనా అలా అనిపించింది, నాకు ఆ ముక్క చదివినప్పుడల్లా కొంచెం ఊరటగా ఉంటుంది. మర్నాడు, 17న, స్క్రీన్‌షాట్‌లు, ఫ్యామిలీ ఫోటోలు, కాంటాక్ట్ లిస్ట్, రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ సైట్‌లోకి ఎక్కాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. రాజకీయ నాయకురాలి మెయిల్ అనగానే మన బుర్రలో ఏముంటుంది? కాంట్రాక్టులు, డబ్బులు, కుట్రలు. కానీ ఒక మనిషి మెయిల్‌బాక్స్‌లో ఆ ఒక్క మనిషే ఉండదండీ. పిల్లల ఫోటోలుంటాయి, పిల్లల ఫోన్ నంబర్లుంటాయి, ఎవరో ఫ్రెండ్ ఏడుస్తూ రాసిన ఉత్తరం ఉంటుంది, అక్క ఆరోగ్యం బాలేదని రాసింది ఉంటుంది. వాళ్ళెవరూ ఎన్నికల్లో నిలబడలేదు. పాలిన్ గారి పెద్దమ్మాయికి అప్పుడు పదిహేడేళ్ళు, ఆ పిల్ల నంబర్ బయటికెళ్ళి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫోన్లు, మెసేజ్‌లు, తర్వాత ఆ పిల్ల కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాల్సొచ్చింది, తల్లీ చెప్పింది. పబ్లిక్ ఫిగర్ కదా, ఏం పోయింది అనేవాళ్ళు ఈ భాగం గురించి మాట్లాడరు. ఆవిడ రాజకీయాలు నాకు నచ్చవు, ఒక్క ముక్క కూడా నచ్చవు, అయినా నేనంటున్నాను, ఆ పెట్టె ఆమెది, దాన్ని పగలగొట్టే హక్కు ఎవడికీ లేదు.

కానీ కథ ఇక్కడితో అయిపోతే నేను మీ టైమ్ ఇంతసేపు తీసుకోను. ఎందుకంటే రెండో ప్రశ్న ఉంది. పెట్టె ఆమెది, ఒప్పుకున్నాం. అందులో ఉన్న కాగితాలన్నీ ఆమెవేనా?

ఈ హ్యాకింగ్‌కి ముందు నుంచే అలాస్కాలో ఒక గొడవ నడుస్తోంది. గవర్నర్ గారు ప్రభుత్వ పని కొంత యాహూలో చేస్తున్నారు, ఆ ఐడీల్లోనే గవ్ అన్న ముక్క ఉంది, గవర్నర్ అని అర్థమొచ్చేట్టు. ఆండ్రీ మెక్‌లాయిడ్ అనే ఆవిడ, ఆమె కూడా పాలిన్ గారి రిపబ్లికన్ పార్టీ మనిషే, 2008లోనే పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద మెయిళ్ళు అడిగారు, మన ఆర్‌టీఐ లాంటిది. నాలుగు పెట్టెల కాగితాలు ఇచ్చారు, ఇంకో 1,100 దాకా మెయిళ్ళు ఇవ్వం అన్నారు, అవి ప్రభుత్వంలో అంతర్గత చర్చలు, రహస్యం అన్నారు. బాగానే ఉంది, కానీ ఆ రహస్యం అన్నవాటిల్లో కొన్ని గవర్నర్ గారి భర్తకి కాపీ వెళ్ళాయి! ఆయన ప్రభుత్వోద్యోగి కాదు. మొగుడికి చూపించొచ్చు, జనానికి చూపించకూడదు, ఇదెక్కడి రహస్యం అని ఆమె కోర్టుకెళ్ళింది.

చూడండి, ఒకే మెయిల్‌బాక్స్, రెండు దారులు. కుర్రాడు కిటికీ పగలగొట్టాడు. ఈవిడ ముందు గుమ్మం దగ్గర నిలబడి తలుపు తట్టింది, నాలుగేళ్ళు తట్టింది. 2009లో కింది కోర్టులో ఓడిపోయింది. 2012లో అలాస్కా సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ఉద్యోగులు సొంత మెయిల్ వాడకూడదని చట్టంలో నిషేధం లేదు, అది నిజమే, కానీ ప్రభుత్వ పని గురించి రాసిన మెయిల్ ఏ అకౌంట్‌లో ఉన్నా అది పబ్లిక్ రికార్డ్ అవ్వొచ్చు, దాన్ని భద్రపరచాలి అని. ఎక్కడ పెట్టావు అన్నది కాదు, ఏం రాశావు అన్నది ముఖ్యం. ఈలోపు 2011 జూన్‌లో, ఆమె గవర్నర్‌గా ఉన్నప్పటి మెయిళ్ళు 24,000 పేజీల పైన, ప్రింట్ తీసి పెట్టెల్లో పెట్టి అలాస్కా రాజధాని జూనోలో విలేకరులకి ఇచ్చారు. ప్రైవేట్ విషయాలు నల్లగా కొట్టేసి, మిగతాది ఇచ్చారు. కిటికీలోంచి తీసినదాంట్లో జనానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు, గుమ్మంలోంచి వచ్చింది 24,000 పేజీలు. నా బాధంతా ఇదే, ఈ రెండో కథ ఎవరికీ తెలియదు, మొదటిదే అందరికీ గుర్తు.

హ్యాకింగ్ జరిగాక ఆ రికార్డుల ఉద్యమానికి ఎంత చేటు జరిగిందో కూడా ఆలోచించండి. అప్పటిదాకా ప్రశ్న ఏంటి, గవర్నర్ ప్రైవేట్ మెయిల్‌లో ప్రభుత్వ పని ఎందుకు చేస్తోంది అని. మర్నాటి నుంచి ప్రశ్న మారిపోయింది, పాపం ఆవిడ మెయిల్ ఎవడు దొంగిలించాడు అని. జవాబు చెప్పాల్సిన మనిషి బాధితురాలైపోయింది. అది ఆ కుర్రాడు చేసిన రెండో నష్టం, ఏ సెక్షన్లోనూ రాదు అది.

ఇప్పుడు కేసు సంగతి. లా స్టూడెంట్స్ ఉన్నారు కదా, జాగ్రత్తగా వినండి, ఇక్కడే అసలు రుచి ఉంది. వాడు సీటనెల్ అనే ప్రాక్సీ, అంటే మన కంప్యూటర్ అడ్రస్ కనపడకుండా దాచే సైట్, వాడాడు, దొరకనని అనుకున్నాడు. కానీ వాడు పెట్టిన స్క్రీన్‌షాట్‌లోనే ఆ ప్రాక్సీ అడ్రస్ కనపడుతోంది, ప్రాక్సీ నడిపే ఆయన దగ్గర లాగ్స్, ఎవరు ఎప్పుడు వాడారన్న రికార్డులు, ఉన్నాయి, ఎఫ్‌బీఐ అడిగింది, ఆయన ఇచ్చాడు, వారం తిరక్కుండానే కుర్రాడి అపార్ట్‌మెంట్లో సోదాలు. అక్టోబర్‌కి అభియోగాలు, చివరికి ట్రయల్‌కి వచ్చేసరికి నాలుగు. ఐడెంటిటీ థెఫ్ట్, అంటే ఇంకొకరి వివరాలు దొంగతనంగా వాడుకోవడం, వైర్ ఫ్రాడ్, అంటే ఫోన్, నెట్ లాంటివాటి ద్వారా మోసం, కంప్యూటర్లోకి అనుమతి లేకుండా వెళ్ళడం, నాలుగోది దర్యాప్తుకి అడ్డుపడటం.

2010 ఏప్రిల్ 30న జ్యూరీ తీర్పు. వైర్ ఫ్రాడ్ లేదు, కొట్టేశారు. ఫ్రాడ్ అంటే డబ్బో ఆస్తో కొట్టేయాలనే ఉద్దేశం ఉండాలి, వీడికి కావాల్సింది డబ్బు కాదు కదా. ఐడెంటిటీ థెఫ్ట్ మీద జ్యూరీ ఒక మాట మీదకి రాలేకపోయింది. కంప్యూటర్లోకి వెళ్ళడం, ఇది హ్యాకింగ్ అసలు నేరం, దీన్ని పెద్ద నేరం కాదు చిన్న నేరం అన్నారు, అంటే మహా అయితే ఏడాది శిక్ష పడేది. అక్కడ చట్టం ఎలా ఉంటుందంటే, ఊరికే తొంగి చూస్తే చిన్న నేరం, ఇంకో నేరం చేయడానికి తొంగి చూస్తే పెద్ద నేరం. మరి గట్టిగా నిలబడిన పెద్ద నేరం ఏది? నాలుగోది! ఫైళ్ళు డిలీట్ చేసినందుకు, బ్రౌజర్ క్లీన్ చేసినందుకు, హార్డ్ డిస్క్ డీఫ్రాగ్ చేసినందుకు, అంటే అందులో ఉన్నదంతా మళ్ళీ సర్దేసినందుకు.

ఆ సెక్షన్ చరిత్ర చెప్పాలి మీకు. ఎన్‌రాన్ కంపెనీ కూలిపోయినప్పుడు ఆడిటర్లు టన్నులకొద్దీ కాగితాలు ముక్కలు చేసేశారు, దాని మీద కోపంతో 2002లో సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టం తెచ్చారు, దాంట్లో ఒక సెక్షన్, రికార్డులు నాశనం చేస్తే ఇరవై ఏళ్ళ దాకా శిక్ష. కార్పొరేట్ దొంగల కోసం తెచ్చిన సెక్షన్ ఒక కాలేజీ కుర్రాడి లాప్‌టాప్ మీద వాలింది. వాళ్ళ లాయర్ అప్పీల్లో అడిగాడు, డిలీట్ చేసినప్పటికి అసలు దర్యాప్తే మొదలవలేదు కదా, రేపు రాబోయే దర్యాప్తుకి ఇవాళ అడ్డుపడటం ఏంటి, ఈ సెక్షన్ ఏమీ స్పష్టంగా లేదు అని. మంచి ప్రశ్నే. కానీ సిక్స్త్ సర్క్యూట్ అనే అప్పీల్ కోర్టు 2012 జనవరిలో ఒప్పుకోలేదు, దర్యాప్తు వస్తుందని ఊహించి చెరిపినా చాలు, ఆ ఊహ వాడి రాతల్లోనే ఉంది కదా అంది. ఎఫ్‌బీఐ వస్తుందేమోనని భయపడి అన్నీ డిలీట్ చేశానని వాడే బోర్డులో రాశాడు మరి. శిక్ష ఏడాదీ ఒక రోజు. ఆ ఒక్క రోజు ఎందుకంటే అక్కడ ఏడాది దాటిన శిక్షకే సత్ప్రవర్తన కింద తగ్గింపు వస్తుంది. జడ్జి గారు జైలు కాకుండా హాఫ్‌వే హౌస్‌లో, అంటే జైలుకీ ఇంటికీ మధ్య ఉండే హాస్టల్ లాంటి చోట, ఉంచమని సిఫారసు చేశారు, జైళ్ళ శాఖ వినలేదు, కెంటకీలో యాష్‌లాండ్ క్యాంపుకి పంపారు.

నా అభిప్రాయం అడిగితే, తొంగి చూడటం కన్నా చెరపడం పెద్ద నేరం అయిపోవడం నాకు సబబుగా అనిపించదు. మెయిల్ ప్రైవసీని కాపాడే చట్టం బలంగా ఉంటే ఆ నేరానికే తగిన శిక్ష పడాలి. ఆ కేసు నడుస్తున్నప్పుడు అమెరికాలో మెయిల్‌కి ఉన్న చట్టం 1986 నాటిది. 1986లో ఎవరికుంది మెయిల్? ఆ చట్టంలో 180 రోజులు దాటి సర్వర్లో పడున్న మెయిల్‌ని వారంట్ లేకుండా కూడా పోలీసులు తీసుకోవచ్చు అని ఉంది, అప్పట్లో సర్వర్లో ఎవరూ అన్నాళ్ళు ఉంచేవాళ్ళు కాదు కాబట్టి వదిలేసిన సామాను కింద లెక్కేశారు. చదివేసిన మెయిల్‌కి రక్షణ ఉందా లేదా అన్నదాని మీద కూడా కోర్టులు తలో రకంగా చెప్పాయి. అయితే ఒక మంచి జరిగింది, ఈ కుర్రాడికి శిక్ష పడిన మరుసటి నెలే, 2010 డిసెంబర్లో, అదే సిక్స్త్ సర్క్యూట్ కోర్టు వార్షాక్ అనే వేరే కేసులో, మెయిల్ కూడా కవర్లో పెట్టి అంటించిన ఉత్తరం లాంటిదే, ప్రభుత్వానికైనా వారంట్ కావాల్సిందే అంది. దొంగకీ పోలీసుకీ మధ్యలో మనిషి ఉంటాడు, ఆ మనిషిని ఇద్దరి నుంచీ కాపాడాలి.

పత్రికల సంగతి అడుగుతారని తెలుసు. దొంగిలించిన మెయిల్ పత్రిక వేస్తే తప్పా? అమెరికా సుప్రీంకోర్టు 2001లో బార్ట్‌నికీ కేసులో చెప్పింది, దొంగతనంలో చెయ్యి లేనివాడు, ప్రజలకి సంబంధించిన విషయం అయితే, వేసినందుకు శిక్షించలేం అని. ప్రజలకి సంబంధించిన విషయం అయితే, ఆ ముక్క మర్చిపోకండి. గవర్నర్ ప్రభుత్వ పనిని యాహూలో చేస్తోందన్నది ప్రజల విషయం. ఆమె కూతురి ఫోన్ నంబర్ కాదు. పాలిన్ మెయిల్ విషయంలో నాయకుల భద్రత చూసే సీక్రెట్ సర్వీస్ వాళ్ళు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థని ఆ మెయిళ్ళ కాపీలు ఇమ్మని అడిగారు, వాళ్ళు ఇవ్వలేదు. విలేకరి మిత్రులు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెప్తున్నాను, ఆ ఇవ్వకపోవడమూ సరైందే, ఆ ఫ్యామిలీ ఫోటోలు వేసిన సైట్లు చేసిందీ తప్పే. రెండూ ఒకే నోటితో చెప్పగలగాలి మనం.

సరే, మన ఊరికొద్దాం. ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అంటారా? మన దగ్గర వికీపీడియా కూడా అక్కర్లేదు. శుభలేఖ తీసి చూడండి. తల్లి పుట్టింటి పేరు, తండ్రి పేరు, తాతల పేర్లు, ఊరు, ముహూర్తం తేదీతో సహా. మదర్స్ మెయిడెన్ నేమ్ అని బ్యాంకువాళ్ళు సెక్యూరిటీ ప్రశ్న అడిగితే, మన జిల్లాలో అది రహస్యమా? పేరంటంలో అందరికీ తెలుసు. ఇక నాయకులైతే ఎన్నికల అఫిడవిట్, ఫామ్ 26, దాంట్లో వయసు, అడ్రస్, ఫోన్ నంబర్, మెయిల్ ఐడీ, సోషల్ మీడియా అకౌంట్లు, భార్య పేరు, ఆస్తులు, అన్నీ రాసి ఇవ్వాలి, జనం చూడటానికే.

అలా రాసి ఇవ్వడం తప్పంటానా? అనను. 2002, 2003 తీర్పులతో వచ్చింది అది, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి గారు 2003లో రాశారు, అభ్యర్థి భార్యాపిల్లల ఆస్తుల విషయంలో ప్రైవసీ, ఓటరు తెలుసుకునే హక్కు పోటీపడితే ఓటరుదే పైచేయి అని. అంతకుముందు 1994లో మన జీవన్ రెడ్డి గారు, రాజగోపాల్ కేసులో, మనిషి ఇల్లు, పెళ్ళి, పిల్లలు, చదువు, వీటి మీద ఒప్పుకోలు లేకుండా రాయకూడదు, కానీ ప్రభుత్వ పదవిలో ఉన్నవాడు ఆ పదవి పని గురించి అడిగితే ప్రైవసీ అని తప్పించుకోలేడు అన్నారు. పెట్టె వేరు, కాగితం వేరు అని నేను ఇంతసేపు చెప్పేది ఇద్దరు తెలుగు జడ్జిలు ఎప్పుడో రాసి పెట్టారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జిలు పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు, మంచిదే, గొప్పదే, కానీ ఆ హక్కుని ఎమ్మెల్యే గారి టెండర్ ఫైలు మీద దుప్పటిలాగా కప్పడానికి ఇవ్వలేదు.

మన చట్టం ఎలా పని చేస్తుందో నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లాడి విషయం చెప్తాను. పేర్లు, ఊళ్ళు చెప్పను. డిగ్రీ చదువుతున్నాడు, ఊళ్ళో ఒక నాయకుడు ఇసుకలో తింటున్నాడని కోపం, న్యాయమైన కోపమే, ఆయన మెయిల్ ఐడీ తెలుసు, పాత ఫోన్ నంబరే పాస్‌వర్డ్ అని ఎవరో చెప్పారు, రాత్రి పూట తెరిచేశాడు. ఇసుక గురించి ఒక్క ముక్క లేదు. ఆయన భార్య క్యాన్సర్ రిపోర్టులున్నాయి. పిల్లాడు నాకు చెప్తూ ఏడ్చాడు, సార్, ఆవిడకి అలా ఉందని ఊళ్ళో ఎవరికీ తెలియదు సార్, నాకెందుకు తెలిసింది సార్ అని. నేను ఫోన్ ఏదిరా అంటే, ఫార్మాట్ కొట్టేశాను సార్, సిమ్ కూడా విరిచేశాను అన్నాడు. నాకు గుండె జారిపోయింది. అప్పటిదాకా వాడి మీద ఉన్నది ఐటీ చట్టం సెక్షన్ 66, మూడేళ్ళ దాకా శిక్ష లేదా 5 లక్షల దాకా జరిమానా లేదా రెండూ, 66సి, ఇతరుల పాస్‌వర్డ్ మోసపూరితంగా వాడటం, ఇదీ మూడేళ్ళ దాకా, రెండూ బెయిలబుల్. వాటిల్లో మోసం చేసే ఉద్దేశం ఉందా లేదా అని వాదించుకోవచ్చు, అమెరికాలో వైర్ ఫ్రాడ్ దగ్గర జరిగిన వాదనే. కానీ సాక్ష్యం చెరిపేస్తే అది వేరే నేరం, పాత ఐపీసీలో 204, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, బీఎన్ఎస్‌లో 241, ఎలక్ట్రానిక్ రికార్డు కూడా దాంట్లోకి వస్తుంది. టెన్నెసీ కుర్రాడు చేసిందే వీడూ చేశాడు, అక్కడి కథ వీడికి తెలియదు. అందుకే ఇవాళ ఈ టాపిక్ మాట్లాడతానని నేనే అడిగాను.

ఇంకో సంగతి, క్రిమినల్ కేసు పక్కనబెడితే సెక్షన్ 43 కింద నష్టపరిహారం కూడా ఉంది, అది మామూలు కోర్టు కాదు, రాష్ట్ర ఐటీ సెక్రటరీయే అడ్జుడికేటింగ్ ఆఫీసర్, అంటే విచారించి తేల్చే అధికారి, 5 కోట్ల దాకా ఆయన దగ్గరే. చాలామంది వకీళ్ళకి కూడా ఇది గుర్తుండదు.

హాల్లో ఒకాయన అడుగుతున్నారు, దొంగిలించిన కాగితంలో నిజంగా అవినీతి ఉంటే కోర్టు చూడదా అని. చూస్తుందండీ. మన దేశంలో 1973 నాటి పూరన్ మల్ తీర్పు నుంచీ, సాక్ష్యం ఎలా వచ్చిందన్నదాని కన్నా కేసుకి పనికొస్తుందా అన్నదే చూస్తారు. రాఫెల్ యుద్ధవిమానాల కొనుగోలు కేసులో 2019 ఏప్రిల్ 10న, ఆ పత్రాలు రక్షణ శాఖ నుంచి అక్రమంగా బయటికొచ్చాయి, చూడొద్దు అని ప్రభుత్వం అంటే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కానీ తేడా గమనించండి, అవి ప్రభుత్వ ఫైళ్ళు, ఎవరి ఇంట్లో బీరువా కాదు. పైగా కాగితం కోర్టులో చెల్లినంత మాత్రాన తెచ్చినవాడి నేరం పోదు, సాక్ష్యం లోపలికెళ్తుంది, నువ్వూ లోపలికెళ్తావు. ప్రభుత్వమే దొంగచాటుగా వింటే? దానికీ చట్టం ఉంది, ఐటీ చట్టం 69, 2009 రూల్స్, రాతపూర్వక ఆర్డర్ ఉండాలి. 2023 అక్టోబర్‌లో ప్రతిపక్ష ఎంపీలకి, మన హైదరాబాద్ ఎంపీ ఒవైసీ గారితో సహా, యాపిల్ నుంచి హెచ్చరికలు వచ్చాయి, మీ ఫోన్ మీద దాడి ప్రయత్నం జరిగి ఉండొచ్చని. 2024 నుంచి హైదరాబాద్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నడుస్తోంది, కోర్టులో ఉంది కాబట్టి దాని లోతుల్లోకి వెళ్ళను. ఆ కుర్రాడు చేస్తే నేరం అయినప్పుడు, యూనిఫాం వేసుకుని ఆర్డర్ లేకుండా చేసినా నేరమే అన్నంతవరకు మాత్రం చెప్తాను.

ఇప్పుడు నన్ను బాగా కలవరపెడుతున్న విషయానికొస్తాను. 2005 ఆర్‌టీఐ చట్టం సెక్షన్ 2(ఎఫ్) తీయండి, సమాచారం అంటే ఏంటో రాసిన చోట ఈమెయిల్స్ అని స్పష్టంగా ఉంది. 2(జె)లో ప్రభుత్వ సంస్థ దగ్గర గానీ దాని అదుపులో గానీ ఉన్నది అని ఉంది. అదుపులో, ఈ మాట బంగారం. ఆఫీసర్ తన సొంత మెయిల్లో ప్రభుత్వ పని చేస్తే ఆ కాగితం ప్రభుత్వం అదుపులో ఉన్నట్టా లేనట్టా? నా వాదన ఉన్నట్టే, అలాస్కా కోర్టు చెప్పింది కూడా అదే దారి. అధికారులు ప్రభుత్వ మెయిలే వాడాలని కేంద్రం పాలసీ కూడా తెచ్చుకుంది, అయినా విజిటింగ్ కార్డు మీద జీమెయిల్ ఉన్న ఆఫీసర్లు ఎంతమందో మీకే తెలుసు. మరోపక్క 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం ఆర్‌టీఐలో 8(1)(జె)ని కుదించేసింది. అంతకుముందు వ్యక్తిగత సమాచారం అంటే, ప్రభుత్వ పనితో సంబంధం లేనిదైతేనో, అనవసరంగా ప్రైవసీకి భంగమైతేనో ఇవ్వం అనేవాళ్ళు, పెద్ద ప్రజా ప్రయోజనం ఉంటే ఆ సెక్షన్లోనే ఇచ్చే వీలుండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ఇవ్వక్కర్లేదు. 8(2)లో ప్రజా ప్రయోజనం ఇంకా మిగిలుంది, అదొక్కటే పట్టుకొమ్మ. నా భయం ఏంటంటే, గుమ్మం మూసేస్తే కిటికీ వైపు చూసే కుర్రాళ్ళు ఎక్కువైపోతారు. కిటికీలకి ఊచలు పెట్టండి, తప్పకుండా పెట్టండి, కానీ గుమ్మం తెరిచి ఉంచండి.

చివర్లో ఉన్న అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా. ఆ... అందరికీ వినపడలేదు, నేను చెప్తాను, వాళ్ళ మండలంలో ఇళ్ళ స్థలాల లిస్టు మార్పులన్నీ అధికారుల వాట్సాప్ గ్రూపులో నడిచాయట, ఆఫీసులో అడిగితే అది మా పర్సనల్ ఫోన్ అన్నారట. అమ్మా, ఎవరి ఫోన్లోనూ తొంగి చూడకు, ఎవరన్నా స్క్రీన్‌షాట్ ఇస్తానన్నా నువ్వు ఫార్వర్డ్ చేయకు. తెల్లకాగితం తీసుకో, ఫోన్ కావాలని రాయొద్దు, గ్రూపు కావాలని కూడా రాయొద్దు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఇళ్ళ స్థలాల జాబితా మార్పుపై ఇచ్చిన ఆదేశాలు, సూచనలు, అవి ఏ రూపంలో, ఏ పరికరంలో, ఏ అకౌంట్‌లో ఉన్నా సరే, ధృవీకరించిన నకళ్ళు అని రాయి. 2(ఎఫ్) అని సెక్షన్ నంబర్ వేయి. దరఖాస్తు పడ్డాక వాళ్ళు ఆ మెసేజ్‌లు చెరిపితే సెక్షన్ 20 కింద రోజుకి 250, మొత్తం 25,000 దాకా జరిమానా పడుతుందని కింద ఒక లైన్ కలుపు. ముప్పై రోజులు టైమ్ వాళ్ళకి. రాసి తీసుకురా, శనివారం సాయంత్రం నేను ఆఫీసులోనే ఉంటాను, ఇవ్వబోయే ముందు ఒకసారి కలిసి చదువుదాం.